లచ్చవ్వ మెడ

మొన్న మధ్యాహ్నం ఒకామె వచ్చి నా టేబుల్ మీద మడతపెట్టిన కాగితం పెట్టింది. మడత విప్పగానే పొగాకు వాసన గుప్పుమంది. కాల్చిన పొగ వాసన కాదు. ఎండు పొగాకూ నీళ్లలో నానిన తునికాకూ కలిసిన వాసన. సిరిసిల్లలో పుట్టి పెరిగినదాన్ని, ఈ వాసన నాకు కొత్తేమీ కాదు. మా వాడలో మగవాళ్లు మరమగ్గాల మీద ఉంటే, ఆడవాళ్లు గడపల్లో కూర్చొని ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టేవారు. అయినా ఆ వాసన తగలగానే నాకు మా వాడ గుర్తుకు రాలేదు. కోరుట్ల అవతల ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీ, అందులో ఆరో వార్డు, ఆ వార్డు కౌన్సిలర్ లచ్చవ్వ గుర్తొచ్చారు.

"సంతకం ఏడ పెట్టాలె మేడం?" అని అడిగింది ఎదురుగా నిలబడ్డ ఆమె. అలవాటుగా నా వేలు కాగితం కింది మూలకు పోయింది. పోయి, అక్కడికి చేరకముందే ఆగింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ వేలు అలా ఆగడం నేర్చుకుంది. నేర్పింది లచ్చవ్వే. ఆమెను చూడనివాళ్ల కోసం ఆ సంగతి రాయాలనిపించింది. ఊరి పేరు మాత్రం రాయను. అప్పటివాళ్లు చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు, ఎదురుపడితే పలకరించుకోవాల్సిన వాళ్లమే.

నేను జూనియర్ అసిస్టెంటుగా చేరేనాటికి ఆ ఊరు పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయి ఎంతో కాలం కాలేదు. పాత పంచాయతీ ఆఫీసుకే రంగు వేసి బోర్డు మార్చారు. బోర్డు మారినంత తొందరగా జనం నోళ్లు మారవు కదా, అందరూ "పంచాయితాఫీసు" అనే అనేవారు. ఉపాధి హామీ పనులు పోయాయి. ఇంటి ముందు రేకులు వేసుకోవాలన్నా ఒక దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. "పట్నమైందట పట్నం! దోమలు గవ్వే, మోరీలు గవ్వే" అని ఆఫీసు ముందు టీ కొట్టు దగ్గర రోజుకొకరైనా అనేవారు. నేను కోరుట్లలో గది తీసుకొని రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం నాది. మా నాన్న మగ్గం దగ్గరికి వచ్చినవాళ్లందరికీ నేను మున్సిపాలిటీనే నడుపుతున్నట్టు చెప్పుకునేవాడు. నిజానికి నా పని సమావేశాల్లో మాట్లాడింది వినడం, విన్నది తీర్మానాల పుస్తకంలో రాయడం. అంత పెద్ద పనని నాకప్పుడు తెలియదు.

మొదటి కౌన్సిల్ సమావేశానికి కుర్చీలు చాలలేదు. ఎందుకు చాలలేదంటే, ఆడ కౌన్సిలర్లతో పాటు వాళ్ల భర్తలు కూడా వచ్చి కూర్చున్నారు. కమిషనర్ గారు బతిమాలి బయటికి పంపితే, వాళ్లు పోయి కిటికీల దగ్గర నిలబడ్డారు. కిటికీలో తల నిలువుగా ఊగితే లోపల ఒక తల నిలువుగా ఊగేది, అడ్డంగా ఊగితే అడ్డంగా. నాకు నవ్వాగక తల వంచుకొని రాస్తున్నట్టు నటించాను. లచ్చవ్వకు మాత్రం కిటికీలో ఎవరూ లేరు. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, మెడ నిటారుగా పెట్టుకొని గోడ పక్క కుర్చీలో కూర్చుంది.

"మీ ఇంటాయన రాలేదా అవ్వా?" అని ఒక కౌన్సిలర్ నవ్వుతూ అడిగాడు.

"తాటిచెట్టు మీదికెల్లి పడ్డప్పటి సంది మంచంలనే ఉన్నడు కొడుకా. ఆయనకు నడుం పోయింది గని నాకు నోరు పోలే" అంది ఆమె.

చైర్మన్ గారు ఎజెండాలో మొదటి అంశం నంబరు చెప్పి "ఓకేనా? ఓకే" అంటూ రెండోదానికి పోబోతుంటే లచ్చవ్వ చెయ్యెత్తింది. "అండ్ల ఏమున్నదో సదివి ఇనిపియ్యుండ్రి."

"కాయితం మూడు దినాల ముందే ఇంటికి పంపినం గదనే అవ్వా."

"పంపిండ్రు. నాకు సంతకం తప్ప సదువు రాదు. సదువచ్చినోళ్లు సుత సదివినట్టు కనవడ్తలేరు."

నిజమే, ఇద్దరు ముగ్గురు కౌన్సిలర్లు అప్పుడే కవర్లు చించుతున్నారు. ఇక చేసేదిలేక నన్ను చదవమన్నారు. పదకొండు అంశాలు, నోరు ఎండిపోయింది. ఈ ముసలామె నా ప్రాణానికి దాపురించిందిరా అనుకున్నాను. ఆ మాట ఇవాళ రాస్తుంటే సిగ్గుగా ఉంది.

తర్వాతి నెల అటెండర్ సెలవులో ఉంటే ఎజెండా కాగితాలు పంచే పని నా మీద పడింది. ఆరో వార్డు ఊరి చివర, ఈత వనాన్ని ఆనుకొని ఉంటుంది. గౌడుల ఇళ్లు. మగవాళ్లు ఈత చెట్లు గీసేవారు, ఆడవాళ్లు బీడీలు చేసేవారు. లచ్చవ్వ వాకిట్లో ఏడెనిమిది మంది వరుసగా కూర్చొని చేస్తున్నారు. కవరు ఇచ్చి వెనక్కి తిరుగుతుంటే "కూసో బిడ్డా, సదువు" అంది. పని ఉందని నసిగాను. "నీ పని గిదే గదా. నా చేతులు ఆగయి గని చెవులు ఖాళీగనే ఉన్నయి" అంది. కూర్చున్నాను. మూడో వార్డులో డ్రెయిను నిర్మాణమని చదువుతుంటే ఆపింది.

"ఏ దిక్కుకు పారుతదట?"

కాగితంలో పొడవుంది, వెడల్పుంది, దిక్కు లేదు.

"నీళ్లు ఎటు పోతయో రాయకుంట మోరీ ఎట్ల కడ్తరు బిడ్డా? గాడ వాటం మర్రయ్య ఇంటి దిక్కుంటది. గట్లనే కడితే మోరీ అంత ఆయన వంటింట్లకే పోతది."

మర్నాడు ఇంజినీరు గారిని భయం భయంగా అడిగితే, ఆయన బండేసుకొని పోయి చూసొచ్చి, మారు మాట్లాడకుండా కొలతలు మార్చారు. అప్పటినుంచి ప్రతి నెలా నేనే కాగితం తీసుకొని ఆరో వార్డుకు పోయేదాన్ని. నేను చదివేదాన్ని, ఆమె ఆకు కత్తిరిస్తూ, పొగాకు నింపుతూ, దారం చుడుతూ వినేది. వరుసలో ఉన్న ఆడవాళ్లంతా వినేవారు, మధ్యలో అడ్డు ప్రశ్నలు వేసేవారు. ఆఫీసులో ఫైలుగా చూసిందే ఆ వాకిట్లో చదివితే ఒక గల్లీ, ఒక నల్లా, ఒకరి గోడ అయ్యేది. నా నిజమైన ట్రైనింగు అక్కడ జరిగింది. సర్కారు ఇచ్చిన ట్రైనింగులో భోజనం బాగుండింది, అంతే గుర్తుంది.

ఇక ఆ సమావేశం సంగతి. ఊరి చెత్తంతా వేయడానికి స్థలం కావాలి. ఆరో వార్డు పక్కన, ఈత వనం అంచున సర్కారు జాగా ఉంది, అక్కడ డంపింగ్ యార్డు పెట్టాలని అంశం వచ్చింది. ముందురోజు వాకిట్లో నేను అది చదవగానే బీడీలు చేసే చేతులన్నీ ఆగాయి. చెత్త పక్కనే ఉంటే చెట్లకు కట్టిన కల్లు లొట్లకు ఈగలు ముసురుతాయి. ఆ కల్లు ఎవరు తాగుతారు? ఆ వనం లేకపోతే ఆ ఇళ్లల్లో పొయ్యి వెలగదు. మర్నాడు సమావేశంలో లచ్చవ్వ లేచి నిలబడింది. "నాకు సమ్మతి లేదు. రాసుకోండ్రి" అంది. చైర్మన్ గారు చిరాగ్గా నవ్వి "చెత్త యాడనో ఓ కాడ ఎయ్యాలె గదనే అవ్వా. అభివృద్ధికి అడ్డం పడకు" అని తర్వాతి అంశానికి పోయారు. మిగతావాళ్లెవరూ మాట్లాడలేదు. తలలు మాత్రం నిలువుగా ఊగాయి.

ఆ సాయంత్రం తీర్మానాలు రాశాను. పాత మున్సిపాలిటీ ఒకదాని నుంచి తెచ్చుకున్న నమూనా మా దగ్గర ఉండేది. ప్రతి తీర్మానం చివర "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఉండేది. ఆ వాక్యం నా చేతికి ఎంత అలవాటయిందంటే, నిద్రలో లేపినా రాసేదాన్ని. డంపింగ్ యార్డు అంశం దగ్గర మాత్రం పెన్ను ఆగింది. ఆగలేదని అబద్ధం చెప్పను. పోయి మేనేజర్ నరహరి సారును అడిగాను. ఆయన చెడ్డమనిషి కాదు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, పైనుంచి ప్రశ్న రాకుండా రోజు గడిస్తే చాలనుకునేవాడు. "ఒక్కామె వద్దన్నది రాస్తే పైనోళ్లు పది ప్రశ్నలడుగుతరు. నీకెందుకమ్మా, ఎప్పటి లెక్కనే రాయి" అన్నారు. వచ్చి కూర్చొని ఎప్పటిలాగే రాశాను. ఆయన చెప్పారు కాబట్టి రాశానని చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చెప్పింది ఆయనే కావచ్చు, రాసిన చెయ్యి నాది.

రెండు వారాలు తిరగకుండా ఆరో వార్డు కుర్రాళ్లు ఆ తీర్మానం నకలు సంపాదించారు. మొదటి పేజీలో హాజరు సంతకాలు. అందులో లచ్చవ్వ వంకర సంతకం. నెలనెలా ఆమె "ఏడ పెట్టాలె బిడ్డా?" అని అడిగితే "ఇక్కడ" అని వేలితో నేను చూపించిన సంతకం. రెండో పేజీలో ఏకగ్రీవం. ఇంకేం కావాలి? మన ఓట్లతో గెలిచి మన వనాన్నే అమ్ముకుందన్నారు. ఫోన్లలో అందరికీ పంపారు. "నమ్మిచ్చి గొంతు కోసింది" అని ఆమె సొంత మరిది నలుగురిలో నిలబడి అన్నాడట. వరుసలో పక్కన కూర్చొని బీడీలు చేసే ఆడవాళ్లు చాటలు తీసుకొని వేరే వాకిట్లోకి పోయారు. ముప్పై ఏళ్లు పక్కపక్కన కూర్చున్నవాళ్లు.

ఆ నకలు పట్టుకొని ఆమె ఆఫీసుకు వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. నా టేబుల్ పక్కన స్టూలు మీద కూర్చొని, కాగితం మీద ఒకచోట వేలు పెట్టింది. ఎవరో ఆ మాట కింద గీత గీసి ఇచ్చినట్టున్నారు.

"ఏకగ్రీవం అంటే ఏంది బిడ్డా?"

"అందరూ ఒప్పుకున్నరని."

"గా మాటకు అర్థం అడుగుతున్న."

డిగ్రీలో తెలుగు చదివిన పాపానికి అది నాకు తెలుసు. "గ్రీవం అంటే మెడ. అందరిదీ ఒక్కటే మెడ అన్నట్టు" అన్నాను.

లచ్చవ్వ చెయ్యి తన మెడ మీదికి పోయింది. "నా మెడ నాకే ఉండె గదా బిడ్డా. అందరి మెడలల్ల ఎప్పుడు కలిపిండ్రు?" అంది.

ఆమె కళ్లలో కోపం లేదు, నమ్మినచోట దెబ్బతిన్న మనిషి చూసే చూపు ఉంది. లేస్తూ ఒక్క మాట అంది. "అచ్చే మీటింగుల పోయిన మీటింగుది సదవమంట. ఉన్నది ఉన్నట్టు సదువు. గంతే."

ఆ మధ్య రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. నా ప్రొబేషను ఇంకా పూర్తికాలేదు. తప్పు రాశానని నిండు సభలో ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. శనివారం సిరిసిల్లకు పోతే నాన్న మగ్గం ఆపి మరీ పక్కింటివాళ్లకు నా గురించి చెబుతున్నాడు. చెప్పొద్దని కసిరి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఆయనకు అర్థం కాలేదు. పోనీ సెలవు పెడదామా అని కూడా అనుకున్నాను. సెలవు చీటీ రాసి, చించేశాను.

ప్రతి సమావేశంలో మొదటి అంశం గత సమావేశపు తీర్మానాల ధ్రువీకరణ. దాన్ని ఎవరూ చదవరు. "చదివినట్టు భావించి ధ్రువీకరించడమైనది" అని మరో నమూనా వాక్యం ఉంటుంది. చైర్మన్ గారు ఆ మాట అనగానే లచ్చవ్వ చెయ్యెత్తింది.

"సదివినట్టు అనుకునుడేంది? తిన్నట్టు అనుకుంటే కడుపు నిండుతదా? సదవాలె."

కొందరు నవ్వారు. కమిషనర్ గారు సరే చదవండి అన్నట్టు నా వైపు చూశారు. లేచి చదివాను. ఆ అంశం వచ్చింది. "సభ్యులందరూ ఏకగ్రీవంగా" అని చదివేసరికి నా గొంతు నాకే పరాయిగా వినబడింది.

"ఆగు బిడ్డా" అంది లచ్చవ్వ. "ఆ దినం నేనేమన్న?"

నరహరి సారు కళ్లతో వద్దని చెబుతున్నారు. కిటికీల్లో తలలన్నీ నన్నే చూస్తున్నాయి. నేను లచ్చవ్వ మెడను చూశాను. మొదటిరోజులాగే నిటారుగా ఉంది గానీ, నరం ఒకటి దడదడ కొట్టుకుంటోంది. ఈమెకు కూడా భయమే అని అప్పుడు తెలిసింది.

"నాకు సమ్మతి లేదు, రాసుకోండ్రి అన్నరు" అన్నాను. "నేను రాయలే. తప్పు నాది."

చైర్మన్ గారు బల్ల మీద చరిచారు. మినిట్స్ అంటే ఆటలా ఉందా అన్నారు. ఆయన అరుస్తుండగానే రెండో వార్డు కౌన్సిలర్ రాజేశం, అంతవరకు ఏ సమావేశంలోనూ పెదవి విప్పని మనిషి, మెల్లగా అన్నాడు. "మరి నన్ను సుత ఎవలడగలే. నేను ఒప్పుకున్నట్టు ఎవలు జెప్పిండ్రు?" తర్వాత కిటికీ వైపు చూడకుండా ఒక ఆడ కౌన్సిలర్ అంది, నన్నూ అడగలేదని. కమిషనర్ గారు అప్పుడు కలగజేసుకున్నారు. తప్పు దిద్దాలని, అంశాన్ని మళ్లీ పెట్టి చేతులెత్తించాలని, ఎవరెటో పేరుపేరునా రాయాలని అన్నారు. చేతులు లేచాయి. యార్డు పెట్టాలన్నవాళ్లే ఎక్కువ, తీర్మానం నెగ్గింది. కానీ వద్దన్న చేతులు ఈసారి నాలుగు. నేను ఒక్కొక్క పేరూ పైకి చెబుతూ రాశాను. లచ్చవ్వ పేరు రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. అలుక్కుపోయింది సిరా కాదు.

నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాసుకున్నాను, ప్రొబేషను కొంతకాలం పొడిగించారు, ఉద్యోగం మిగిలింది. నరహరి సారు రిటైరయ్యేదాకా నాతో ముక్తసరిగానే ఉన్నారు. దిద్దిన తీర్మానం నకలు చేతికి రాగానే లచ్చవ్వ నన్ను వాకిటికి రమ్మంది. నాలుగింటికి పోయాను. ఆమె ఒక్కతే కూర్చొని ఉంది. "గట్టిగ సదువు" అంది. ఇరుగుపొరుగు వాకిళ్లకు వినపడేలా చదివాను. ముందు ఏమి రాసి ఉందో, అది ఎవరు రాశారో, తర్వాత ఏమి దిద్దామో, అన్నీ. చదివి తలెత్తేసరికి ఎదురింటి అరుగు మీద నుంచి ఒకామె చాట పట్టుకొని లేచింది. వచ్చి లచ్చవ్వ పక్కన కూర్చుంది. "కత్తెర తేలే, నీదిటియ్యి" అంది. లచ్చవ్వ కత్తెర ఇచ్చింది. తర్వాత ఇంకొకామె వచ్చింది. క్షమించమని ఎవరూ అనలేదు, ఆమె అడగలేదు. నాకు చాయ్ ఇచ్చారు. ఆ చాయ్ తాగుతూ నేను ఏడుస్తుంటే "పొగాకు ఘాటు, అలవాటు లేదు పాపం" అని లచ్చవ్వ మిగతావాళ్లకు చెప్పింది.

మేం గెలిచామని చెప్పలేను. నలుగురి అసమ్మతి కాగితం మీద ఉండేసరికి పై అధికారులు వచ్చి జాగా చూశారు. యార్డు వనాన్ని వదిలి గుట్ట అవతలికి జరిగింది. గాలి ఇటు తిరిగిన రోజు కంపు ఆరో వార్డుకు ఇప్పటికీ వస్తుందట. పదవి అయిపోయాక లచ్చవ్వ మళ్లీ పోటీ చేయలేదు. నేను సిరిసిల్లకు బదిలీ అయ్యాక ఒకసారి జగిత్యాల ఆస్పత్రిలో ఆమెను చూశాను. భర్తను తీసుకొచ్చింది. ఆస్పత్రివాళ్లు కాగితాలు చేతికివ్వగానే సంచిలో పెట్టుకోకుండా నాకిచ్చి "సదువు" అంది. మందుల చీటీ కూడా చదివించుకుంది. వెళ్తూ నా మెడ మీద చెయ్యి వేసి నిమిరింది. అదే చివరిసారి. పోయిన ఎండాకాలం ఆమె పోయిందని రాజేశం ఫోన్ చేసి చెప్పాడు. చివరిచూపుకు అందలేకపోయాను. ఆ బాధ నాకింకా ఉంది.

మొన్న నా టేబుల్ ముందు నిలబడ్డామె ఇంకా నా వేలు వైపే చూస్తోంది. సంతకం పెట్టే చోటు చూపిస్తే చాలు, ఆమె బస్సు ఆమెకు అందుతుంది, నా పని నాకు తీరుతుంది. "ఎవరు రాసిచ్చిండ్రమ్మా ఈ కాయితం?" అని అడిగాను. ఇంటి పక్కాయన రాసి తెచ్చాడంది. సంతకం పెట్టి ఆఫీసులో ఇస్తే అయిపోతుందన్నాడట. స్టూలు జరిపి కూర్చోమన్నాను. మొదటి అక్షరం నుంచి గట్టిగా చదివాను. రెండిళ్ల మధ్య ఉన్న గల్లీలో ఆయన గోడ కట్టుకోవడానికి "నాకు ఎలాంటి అభ్యంతరం లేదని ఇష్టపూర్వకంగా తెలుపుకుంటున్నాను" అనే వాక్యం దాకా వచ్చాను.

ఆమె మెడ నిటారుగా లేచింది.

"మళ్లొక్కసారి సదువుండ్రి మేడం" అంది.